ముందు గదికి రెండు

మా వీధిలో అన్నిటికన్నా శుభ్రమైన కిటికీలు మావే. గొప్పకి చెప్పడం లేదు, వీధంతా అనే మాటే ఇది. అద్దాల కొట్టు వాళ్లిల్లు కదా, ఆమాత్రం ఉండదా అనుకునేవాళ్లు. ఎదురింటి కింద గదిలో బట్టలు కుట్టే అక్క అయితే, "మీ కిటికీ చూస్తే అసలు అద్దం ఉందా లేదా అని అనుమానం వస్తుందయ్యా" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అవి అంత కొత్తగా ఎందుకుంటాయో నాకు తెలుసు. మా ఏడు కిటికీల్లో ఏ ఒక్కదానికీ రెండేళ్లు దాటిన అద్దం లేదు.

పగలగొట్టేది మా అన్నయ్య. మళ్లీ పెట్టేది నేను.

అన్నయ్య తాగడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే విన్నవాళ్లంతా మొదట అడిగేది అదే. తాగడు, పేకాడడు, కొట్టు మూసి నేరుగా ఇంటికొస్తాడు. కొట్టుకొచ్చినవాళ్లతో "అండీ" లేకుండా ఒక్క ముక్క మాట్లాడడు. ఆ మర్యాదంతా గుమ్మం దగ్గర చెప్పులతో పాటే విడిచి లోపలికొచ్చేవాడు. కుర్చీ ఉండాల్సిన చోట లేకపోయినా, వదిన రెండోసారి పిలిస్తే గానీ పలక్కపోయినా చాలు. ముందు గొంతు లేచేది, తర్వాత చెయ్యి. వదిన తప్పుకుంటే కిటికీకి తగిలేది, తప్పుకోకపోతే వదినకి తగిలేది. ఎక్కువసార్లు ఇద్దరికీ తగిలేది.

వదిన ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్లూ నేను చేసిందల్లా కొలత తీసుకోవడం, కొట్టుకెళ్లి అద్దం కోసి తేవడం, పెట్టడం. ఈలోపు వదిన గాజు ముక్కలు ఊడ్చి పెట్టేది. నన్ను అందరూ పుట్టీ అనే పిలుస్తారు. అద్దం చట్రంలో కదలకుండా చుట్టూ పెట్టే పుట్టీ ముద్ద అంచుని కత్తితో ఒక్క లాగుడులో నున్నగా దించుతాను, అద్దం మీద ఒక్క వేలిముద్ర మిగలనివ్వను. "మా పుట్టీగాడిదంత శుభ్రమైన చెయ్యి ఎక్కడా లేదు" అని అన్నయ్య పదిమందిలో అనేవాడు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి, సిగ్గులేని వెధవని.

ఆ చలికాలం గురించే నేను చెప్పేది. కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్న వదిన పాత క్యాలెండరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి వంటింటి తలుపుకి అంటించింది. ఆలోచన పిచ్చుకది. పిచ్చుక అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్లది. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. బళ్లో టీచరు చెప్పిందట, కొత్త సంవత్సరానికి పెద్ద పెద్ద శపథాలు పెట్టుకోకండి, ఇంట్లో ఒక చిన్న మార్పు, అలవాటులో ఒక చిన్న మార్పు, అంతే చాలు అని. పెన్సిలు చెవిలో దోపుకుని అధికారిలా అందరినీ వంటింట్లో నిలబెట్టింది.

"నాన్నా, నీ అలవాటు?"

"టీలో చక్కెర మానేస్తా."

"మరి ఇంటికి?"

"గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు. ఎవరి చెప్పులు వాళ్ల అరలో ఉండాలి." అన్నయ్య ఆ పూట మంచి ఊపులో ఉన్నాడు. వదిన వైపు ఓ చూపు చూసి, "కోపం కూడా తగ్గిస్తానని రాసుకోవే" అన్నాడు.

పిచ్చుక రాసి, పైకే చదివింది. "కోపం, సగం."

"సగమేనా?"

"మొత్తం అంటే నువ్వు చెయ్యలేవు కదా నాన్నా."

అన్నయ్య పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. వదిన మాత్రం ముందు అన్నయ్య మొహం చూసి, ఆ తర్వాత నవ్వింది.

"బాబాయ్, నీది?"

నాది నేను వారం ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "మన కిటికీలన్నిటికీ ఒక్కో అద్దం ముందే కోసి కొట్లో స్టాండులో పెడతాను. కావలసినప్పుడు కొలతలూ కోతలూ అంటూ గంటలు పట్టక్కర్లేదు. తెచ్చి పెట్టడమే."

"భేష్‌రా. బుర్రంటే అదీ," అన్నాడు అన్నయ్య.

ఎందుకు కావలసి వస్తాయని ఒక్కరూ అడగలేదు. మంచి పనివాడి ఆలోచన అనుకున్నాను నేను. ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"అమ్మా, నీది?"

"తర్వాత రాస్తాలే," అంది వదిన. పిచ్చుక ఆమె పేరు కింద ఖాళీ వదిలేసింది.

ఆ ఆదివారం కొట్టు వెనక పనిగదిలో కూర్చుని కోశాను. అద్దం మీద కట్టరుతో గీత గీస్తుంటే పిచ్చుక పక్కనే కూర్చుని కాగితం ముక్కల మీద పేర్లు రాసి అద్దాలకి అతికించింది. వంటిల్లు. అమ్మా నాన్న గది. బాబాయ్ గది. మెట్ల పక్కది. స్నానాల గది చిన్నది. ఏడూ అయ్యాక కట్టరు పక్కన పెట్టి ఒళ్లు విరుచుకున్నాను.

"బాబాయ్, ముందు గదికి రెండుంచు," అంది పిచ్చుక.

"రెండెందుకే?"

"అదే ఎక్కువ పగుల్తుంది కదా."

పిల్ల చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించలేదు నాకు. ఇంకోటి కోశాను. దాని మీద వంకర అక్షరాలతో 'ముందు గది, రెండోది' అని రాసింది. మొత్తం ఎనిమిది.

ఇంకో రెండు రోజులకే ఒకటి పనికొచ్చింది. పొద్దున్న అన్నయ్యకి టీ ఇచ్చింది వదిన. పదకొండేళ్ల చెయ్యి, అలవాటుగా రెండు చెంచాల చక్కెర వేసేసింది. అన్నయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నేనేం రాయించాను?"

"అయ్యో, మర్చిపోయానండీ. వేరేది పెట్టిస్తాను."

"నా మాట తలుపు మీద అంటించి మరీ మర్చిపోయావా?"

గ్లాసు వంటింటి కిటికీకి తగిలింది. వేడి టీ వదిన మెడ మీద పడింది. ఆమె అరుపు సగంలో ఉండగానే అన్నయ్య వదిన జుట్టు పట్టుకుని తల తలుపుకేసి కొట్టాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆ కాగితం మీద, సరిగ్గా 'కోపం, సగం' పక్కనే నెత్తుటి చుక్క పడింది. "అన్నయ్యా, ఊరుకో," అన్నాను గుమ్మంలో నిలబడి. నా ధైర్యం ఆ రెండు మాటల వరకే ఉండేది. ఆయన వదిలేసి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని కొట్టుకెళ్లిపోయాడు.

నేను సైకిలు మీద వెళ్లి 'వంటిల్లు' అద్దం తెచ్చి పెట్టాను. గడియారం చూసుకున్నాను కూడా. ఇరవై ఐదు నిమిషాలు. వదిన నుదుటికి గుడ్డ అదిమి పట్టుకుని ఎడమ చేత్తో ఊడుస్తోంది. పిచ్చుక బడి బట్టల్లో వచ్చి తలుపు దగ్గర నిలబడి పెన్సిలు తీసి నా పేరు పక్కన టిక్కు పెట్టింది.

"బాబాయ్ చెప్పింది చేసేశాడు," అంది.

నెల సగంలో చెప్పుల స్టాండు వచ్చింది. అన్నయ్యే చేశాడు, నాలుగు అరలు, వార్నీషు. మూడు రోజులు దాన్ని చూసుకుని మురిసిపోయాడు. నాలుగో రోజు సాయంత్రం వాన పడుతుంటే వదిన పిల్లని బడి నుంచి తీసుకొచ్చి, తడిసిన చెప్పులు ఆ వార్నీషు మీదే పెట్టేసింది. నేనూ అన్నయ్యా కొట్టు మూసి ఆ వెనకాలే వచ్చాం.

ఆయన ఏమన్నాడో నాకు గుర్తులేదు. ఏదో అరిచాడు, వదిన "తుడిచేస్తానండీ" అంటూ వంగబోయింది. రెండు చేతులతో నెట్టాడు. ముందు గది కిటికీ అక్కడే, వీధి వైపు. వదిన పడకుండా ఆపుకోవడానికి చెయ్యి చాపింది, ఆ చెయ్యి మోచేయి దాకా అద్దంలోంచి బయటికెళ్లిపోయింది. అది ఆమె వెనక్కి లాక్కుంది. లాక్కోకూడదని మా వృత్తిలో ఎవరినడిగినా చెబుతారు, గాజులోకి దిగిన చెయ్యి కదపకూడదు. వదినకి అదెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా తెరుచుకుపోయింది. నెత్తురు గోడ మీదకి కొట్టింది. కొత్త చెప్పుల స్టాండు మీద కూడా పడింది. పిచ్చుక అరవలేదు. ఎప్పుడూ వాగే పిల్ల, పుస్తకాల సంచి కూడా దించకుండా అలాగే నిలబడిపోయింది.

ఆసుపత్రిలో కుట్లు వేసే కాంపౌండరు మా కొట్టు మనిషినని నన్ను గుర్తుపట్టాడు. "ఎలా తెగిందమ్మా?" అన్నాడు.

"కిటికీ తుడుస్తుంటే జారింది," అంది వదిన.

"అద్దాల వాళ్లిళ్లల్లో ఇవి మామూలేలెండి. వడ్రంగికి వేలు, మీకు చెయ్యి," అని నవ్వాడాయన.

పదకొండేళ్లుగా ఈ ఆసుపత్రిలో మమ్మల్ని ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. మా వృత్తి మమ్మల్ని అంత బాగా కాపాడింది. కుట్లు వేస్తున్నంతసేపూ పిచ్చుక లోపల వాళ్లమ్మ పక్కనే ఉంది, నేను బయట బల్ల మీద కూర్చుని, వాన తగ్గకపోతే పుట్టీ పట్టుకోదేమో, చెక్క బద్దలు కొట్టి ఆపాలేమో అని లెక్కలేసుకుంటున్నాను.

తిరిగొస్తుంటే దారిలో వదిన అడిగింది. "ముందు గదిది స్టాండులో ఉంది కదూ?"

"రెండున్నాయి. వెళ్లగానే పెట్టేస్తాను వదినా. పావుగంట."

"పెట్టకు."

"అదేంటి? చలి. పైగా వీధి మొహానుంది, అందరికీ కనిపిస్తుంది."

"కనిపించనీ."

నేను నవ్వబోయి ఆగిపోయాను. వదిన మొహం మామూలుగానే ఉంది. కూరగాయలు వద్దన్నంత మామూలుగా చెప్పింది.

ఇంట్లో అన్నయ్య కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. గాజు ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వదిన చెప్పులు విడవకుండా ఆ ముక్కల మీదుగానే నడిచి వంటింట్లోకెళ్లింది. ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకుని తన పేరు కింద ఖాళీలో రాసింది. 'ఊడవను.'

"అది అలవాటా, ఇల్లా?" అంది పిచ్చుక, అప్పటికి సంచి దించి.

"రెండూనే తల్లీ."

మర్నాడు పొద్దున్న అన్నయ్య పళ్లు తోముకుంటూ కిటికీ వైపు చూశాడు. "ఏరా, పెట్టలేదేం?"

నేను నసిగాను. "వదిన..."

"వదినేంటి? ముందు గదికి రెండున్నాయి కదరా. పోయి తే."

ఎప్పటిలాగే సైకిలెక్కాను. ఇది దాచను. వదిన వద్దన్నా తేవడానికే వెళ్లాను, ఎందుకంటే వదిన మాట కాదంటే ఏమీ కాదు, అన్నయ్య మాట కాదంటే అవుతుంది. పనిగదిలో స్టాండు దగ్గర నిలబడి అద్దం పైకి తీశాను. దాని మీద వంకర అక్షరాలు. 'ముందు గది, రెండోది.' ఒకటి పగిలాక ఇంకోటి కూడా పగులుతుందని ఎనిమిదేళ్ల పిల్లకి తెలుసు. దానికి ఆ సంగతి నేర్పింది వాళ్ల నాన్న కాదు. ఆయన పగలగొట్టాడంతే. ఏమీ జరగనట్టు ప్రతిసారీ చేసి చూపించి నేర్పింది నేను.

అద్దం వదిలేశాను. నేల మీద పడి ముక్కలైంది. ఆ చప్పుడు నాకు బాగానే అనిపించింది. ఇంకోటి తీసి గోడకేసి కొట్టాను. తర్వాత స్టాండు పట్టుకుని మొత్తంగా లాగేశాను.

నా వెనకే వచ్చి కొట్టు తెరుస్తున్న అన్నయ్య ముందు వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా రా నీకు!" అంటూ చేతికందిన కొలత చెక్కతో వీపు మీద కొట్టాడు. రెండో దెబ్బ చెవి మీద పడింది, ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. మూడోది పడకుండా చెక్క పట్టుకుని లాగాను. అది విరిగింది. జన్మలో మొదటిసారి మా అన్నయ్యని కొట్టాను, పిడికిలి బిగించి, మూతి మీద. ఆయన పన్ను నా వేలి కణుపులో దిగింది. ఇద్దరం ఆ గాజు మీదే పడ్డాం. నా గొంతు పట్టుకుని తల నేలకేసి కొడుతున్నాడు, నేను మోకాలితో ఆయన పొట్టలో పొడుస్తున్నాను. ఏ నెత్తురు ఎవరిదో తెలియడం లేదు. పక్క కొట్లో ఫోటోలకి ఫ్రేములు కట్టే ముసలాయన బకెట్టెడు నీళ్లు మా మీద కుమ్మరించి, "కుక్కల్లారా, లేవండి" అని తిడితే విడిపోయాం.

"నువ్వే పెట్టుకో," అన్నాను రొప్పుతూ. "పగలగొట్టినవాడివి నువ్వే పెట్టుకో."

"పెట్టుకుంటాన్రా. నువ్వు లేకపోతే నాకు పని రాదనుకున్నావా?"

"కొలత తెలుసా నీకు? ఒక్క కిటికీదైనా?"

ఆయన పెదవి తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను గుమ్మంలో కూర్చుని చెవికి గుడ్డ అదుముకుంటున్నాను. అన్నయ్య కిటికీ దగ్గరికెళ్లి చట్రం మీద టేపు పెట్టాడు. కొలత తియ్యాలంటే వీధి వైపు మొహం పెట్టి నిలబడాలి. చట్రానికి ఇంకా గాజు కోరలు పట్టుకునే ఉన్నాయి, రెండిటి మీద ఎండిన నెత్తురు. ఎదురింట్లో కుట్టుమిషన్ టకటకమని నడుస్తోంది. అది ఆగింది. అక్క తలెత్తి అన్నయ్య వైపు చూసింది. వాచిన మూతి చూసింది, చట్రం చూసింది, వెనక కట్టుకట్టిన చేత్తో నిలబడ్డ వదినని చూసింది. చూస్తూ కూర్చుంది, అంతే.

అన్నయ్య వెడల్పు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు గిరుక్కున వెనక్కి చుట్టుకుపోయింది. "రేపు చూద్దాం," అని లోపలికొచ్చేశాడు.

ఆ రేపు మూడు వారాలైనా రాలేదు.

కిటికీకి అద్దం లేకపోతే చలొస్తుందని మాత్రమే తెలుసు నాకు. చప్పుడు బయటికి పోతుందని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ మా ఇంట్లో జరిగినవాటిని ఆ అద్దం ఎంత లోపల పెట్టిందో, పెట్టిన నాకే తెలియలేదు. అన్నయ్య గొంతు లేచేది, ఎదురింట్లో మిషన్ ఆగేది. గొంతు తగ్గేదాకా నడిచేది కాదు. మొదటి వారం ఆయన గమనించలేదు. గమనించిన రోజు నేను చూశాను. కంచం విసరబోతూ చెయ్యి గాల్లో ఉండగా మిషన్ ఆగింది, ఆయన చెయ్యి అక్కడే ఆగి, నెమ్మదిగా కంచాన్ని కింద పెట్టింది. కాసేపటికి మిషన్ మళ్లీ నడిచింది. వదిన తలొంచుకుని తింటోంది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది, నవ్వు అనడానికి లేదు.

గాజు ముక్కలు అలాగే ఉన్నాయి. పిచ్చుక స్వెట్టరూ చెప్పులూ వేసుకుని ఇంట్లో తిరిగేది. ఒక్క దుమ్ము రవ్వ కనిపిస్తే సహించని అన్నయ్య, "ఊడవ్వేం?" అంటే వదిన తలుపు మీద కాగితం చూపించేది. చివరికి ఆయనే చీపురు పట్టాడు. జన్మలో పట్టినవాడు కాదు, సగం ముక్కలు తన కుర్చీ కిందికే తోసుకుని, మర్నాడు అక్కడే కాలు పెట్టి కోసుకున్నాడు. నాకు నవ్వాగలేదు. అన్నయ్య కుంటుకుంటూ వచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చాడు. అప్పుడు మిషన్ ఆగలేదు. నా కోసం ఎవరాపుతారు?

మూడో ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అయింది. కారణం చెప్పుకోవడానికి కూడా లేదు. వదిన ఎడమ చేత్తో వడ్డిస్తుంటే గరిట జారి ఆయన చొక్కా మీద పడింది. అన్నయ్య లేచాడు. మూడు వారాలు లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి లేచింది. కుర్చీ తీసి బల్ల మీద కొట్టాడు. కుర్చీ కాలొకటి ఊడి చేతిలోకొచ్చింది. వదిన గోడకి ఆనుకుంది, కట్టు కట్టిన చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని. పిచ్చుక బల్ల కింద దూరింది. మొదటి దెబ్బ వదిన భుజం మీద పడింది, ఎముక మీద కర్ర పడ్డ చప్పుడు నాకు బాగున్న చెవిలో వినిపించింది. నేను వెనక నుంచి ఆయన నడుం పట్టుకున్నాను, మోచేత్తో నా ముక్కు పగలగొట్టి విదిలించుకున్నాడు. కర్ర మళ్లీ ఎత్తాడు.

ఎదురుగా మిషన్ ఆగింది.

అన్నయ్య కిటికీ వైపు తిరిగి అరిచాడు. "ఏం చూస్తున్నావ్? నీ పని నువ్వు చూసుకో!"

అక్క లేచి తన గుమ్మంలోకొచ్చింది. మెడలో టేపు, చేతిలో పెద్ద కత్తెర. పక్కింటి పిల్లని పిలిచినంత మామూలు గొంతుతో అడిగింది. "ఏమ్మా, పిలిచావా?"

వదిన గోడ దగ్గర్నించి కదల్లేదు. ఊపిరి తీసుకుంది. "లేదక్కా," అంది. మొహానికి అడ్డం పెట్టిన చెయ్యి దించింది. "అయినా, రండి."

అక్క వీధి దాటి వచ్చింది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన ఇద్దరాడవాళ్లు ఆమె వెనకే వచ్చారు. చెప్పులు విడవలేదు. అక్క ఉన్న కుర్చీల్లో ఒకటి లాక్కుని అన్నయ్యకి ఎదురుగా కూర్చుని, కత్తెర ఒళ్లో పెట్టుకుంది. "నాకు ఇవాళ తొందరేం లేదు, ఎంతసేపైనా కూర్చుంటాను," అంది. మిగతా ఇద్దరూ వదినకి చెరో పక్కా నిలబడ్డారు.

అన్నయ్య చేతిలో కుర్చీ కాలు ఇంకా అలాగే ఉంది. ఎవరూ దాన్ని పెట్టమని అనలేదు. ఆయనే చూసుకుని బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గరికెళ్లి తన స్టాండులో తన అరలోంచి తన చెప్పులు తీసుకుని వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కొట్టు మీద గదిలోనే ఉంటున్నాడు. తర్వాత పోలీసులూ పెద్దమనుషులూ చాలా నడిచింది. వదిన ఎవరి దగ్గరా కిటికీ తుడుస్తుంటే జారిందని మాత్రం చెప్పలేదు.

వారం గడిచాక ఒక పొద్దున్న వదిన వంటింట్లోంచి పిలిచింది. "పుట్టీ, పిల్ల దగ్గుతోంది. ఇంక అద్దం పెట్టాలి."

ప్రాణం లేచొచ్చింది నాకు. ముక్కు వాపు తగ్గింది, చెవి పోయినా మిగతాదంతా బాగుపడుతుందనిపించింది. ఇంట్లో ఇప్పుడు మగదిక్కు నేనే కదా అన్న గర్వం కూడా లేకపోలేదు. "ఇప్పుడే తెస్తా వదినా."

"నువ్వొద్దు. నేనూ పిచ్చుకా పెట్టుకుంటాం. కొలతలు చెప్పు. అన్ని కిటికీలవీ చెప్పెయ్, ఎప్పుడైనా పనికొస్తాయి."

పిచ్చుక ఆ కాగితం దగ్గరే పెన్సిలుతో నిలబడింది. టేపు కోసం నేను వెతకలేదు. నిలబడ్డ చోటే చెప్పడం మొదలుపెట్టాను. "ముందు గది, ఇరవై రెండున్నర ఎత్తు, పదిహేడు వెడల్పు. కోసేటప్పుడు అన్ని పక్కలా ఒక నూలు తగ్గించు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లేకపోతే చట్రంలో బిగుసుకుని చిట్లుతుంది. వంటిల్లు పద్దెనిమిది, పద్నాలుగుంబావు. మీ గది ఇరవై ఆరు, పదిహేడు, కానీ కింద ఎడమ మూల రెండు నూళ్లు వంకర ఉంది, అట్టముక్క కోసి చూసుకో." ఏడూ చెప్పాను, తడుముకోకుండా. చెబుతున్నకొద్దీ నాకే ముచ్చటేసింది.

పిచ్చుక రాయడం ముగించింది. వదిన ఆ అంకెల వైపు కాసేపు చూసింది.

"ఇన్నీ నోటికొచ్చా?"

"పదకొండేళ్లుగా పెడుతున్నా కదా వదినా."

ఆమె చేతి మీద చీర కొంగు పక్కకి లాక్కుంది. కట్టు ఈ మధ్యే విప్పేశారు. "దీనికి ఎన్ని కుట్లు పడ్డాయి?"

నేను చూడబోయాను. చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది.

"ఐదు," అన్నాను.

"పంతొమ్మిది," అంది పిచ్చుక కాగితం మీంచి తలెత్తకుండా.

నేను ఏదో చెప్పబోయాను, అద్దాల స్టాండు పగలగొట్టింది నేనే కదా అనో, చెవి పోగొట్టుకున్నాను కదా అనో.

"నువ్వు చెడ్డవాడివని అనను," అంది వదిన. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "కానీ నువ్వుంటే ఈ ఇల్లు మళ్లీ ఏం జరగనట్టే కనిపిస్తుంది. నువ్వు కూడా సర్దుకో పుట్టీ."

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కట్టరు, కత్తి, రెండు జతల బట్టలు. పిచ్చుక గుమ్మం దాకా వచ్చి నా చెప్పులు స్టాండులోంచి తీసిచ్చింది.

వేరే పేటలో వేరే కొట్లో పని దొరికింది. ఎండలు మొదలవుతుండగా ఒక రోజు ఎవరికో అద్దం పెట్టి వస్తుంటే, సైకిలు దానంతటదే తిరిగినట్టు ఆ వీధిలోకి తిరిగింది. సాయంత్రం ఐదైంది. ముందు గది కిటికీకి అద్దం ఉంది. నూలు తగ్గించే కోశారు, బిగువుగా లేదు. పుట్టీ మాత్రం ఎగుడుదిగుడుగా పెట్టారు, కత్తి వాడకుండా బొటనవేలితో అదిమారు. అద్దం నాలుగు అంచులా వేలిముద్రలే. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి.

లోపల పిచ్చుక గట్టిగా ఏదో చదువుతోంది. నేను సైకిలు దిగాను. ఎవరైనా చూస్తే మా పని ఇంత మోటుగా ఉంటుందనుకుంటారని అనిపించింది, చెబితే నవ్వుతారు. జేబులోంచి గుడ్డ తీసి, ఆ ముద్రలు తుడుద్దామని చెయ్యి ఎత్తాను.

వెనక కుట్టుమిషన్ ఆగింది.

చెయ్యి దించేశాను. గుడ్డ జేబులో పెట్టుకుని సైకిలెక్కాను. వీధి మలుపు దగ్గర మిషన్ మళ్లీ నడుస్తున్న చప్పుడు వినిపించింది.